తోక లెక్క

రాక్షసుడి గుహ ఇంకా రెండామడల దూరం. నేను కత్తి దూసి, గొంతు సవరించుకుని, "గుర్రమెక్కి బయల్దేరాను" అన్నాను. మాస్టారు చేతిలోని పాచికను చాప మీద పెట్టేసి కళ్ళజోడు మీదినుంచి నా వంక చూశారు.

"దాణా పెట్టావా?"

"ఎవరికి?"

"ఎవరికంటావేందబ్బా? గుర్రానికి."

పెట్టలేదు. నీళ్ళు కూడా పట్టలేదు. ముందువారం ఆటలో దాన్ని రాళ్ళదారిలో చీకటిపడేదాకా తోలిన సంగతి నేను మరిచిపోయాను గానీ ఆయన నోటుబుక్కు మరిచిపోలేదు. గుర్రం నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. ఆ పూట రాక్షసుడు హాయిగా నిద్రపోయాడు. మేం నలుగురం మాత్రం ఆరింటినుంచి ఎనిమిదిన్నర దాకా ఊహాలోకంలో గడ్డి కోశాం.

ఇలాంటి మనిషి మీ ఊళ్ళోనూ ఉంటాడు. పెళ్ళిలో అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే వంటశాల్లోకి పోయి గ్యాస్ బండలు ఎన్నున్నాయో లెక్కపెట్టేవాడు. సినిమాలో హీరో ఒంటిచేత్తో వందమందిని కొడితే వాళ్ళ ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారని పక్కసీటాయన్ని అడిగేవాడు. మామూలుగా ఇలాంటివాళ్ళని ఎవరూ ఆటకు పిలవరు. మా ఖర్మకొద్దీ, మా ఆటకు ఆయనే యజమాని.

ఆటంటే పేకాట కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని ఒకటి అచ్చువేశారు. దాని సంతానం ఇది. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు వేషాలు కడతారు. నేను ఫలానా పని చేస్తానని మనం అంటే, అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. భాగోతంలో సూత్రధారుడి చేతికి పాచికలిస్తే ఎట్టా ఉంటుందో అట్టా. కథ నడిపేవాణ్ణి వాళ్ళు మాస్టర్ అంటారు, మేం మాస్టారు చేసుకున్నాం. అంతేగానీ ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. రైసుమిల్లులో గుమాస్తా. ఆదివారం సాయంత్రాలు మూలాపేటలో మా మిద్దె మీద, కారం దోసెల పొట్లాల మధ్య, ప్రపంచాలు సృష్టిస్తాడు. మిల్లు కాగితాల వెనకవైపున పటాలు గీస్తాడు. ఆయన రాజ్యాల్లో రాజధానిని వెలుతురుకు పట్టి చూస్తే అవతలనుంచి 'మొలగొలుకులు, 40 బస్తాలు' అని కనిపిస్తుంది.

మా అందరి గుర్రాలూ మొదట్లో చందమామ గుర్రాలే. రాకుమారుడు ఎక్కితే ఏడు సముద్రాలు దాటేవి, దిగితే ఏమయ్యేవో ఎవరికీ పట్టదు. జానపద సినిమాలో అయితే కథానాయకుడు పాట మొదలెట్టగానే గుర్రం తప్పుకుంటుంది, పాట అయ్యాక మళ్ళీ సరిగ్గా అక్కడే ఉంటుంది. ఈ మధ్యలో అది ఏం తిన్నది? మాస్టారికి ముప్పై ఏళ్ళుగా నిద్రపట్టనివ్వని ప్రశ్న ఇదే. మన సినిమాల్లో ఆయన ఒప్పుకున్న గుర్రం ఒక్కటే, 1949 నాటి 'కీలుగుర్రం'. కొయ్యది కాబట్టి దాణా అడగదట. "దానికి కూడా కీళ్ళలో ఆముదం పొయ్యాల గదా" అని ఆ తర్వాతి వారం గొణిగారు.

మేం వాడే నియమాల పుస్తకంలోని ధరల మీద కూడా ఆయనకు పేచీయే. అందులో సవారీ గుర్రం 75 బంగారు నాణేలు, యుద్ధాశ్వం 400, దాణా రోజుకు 5 రాగి నాణేలు. మాస్టారు ఆ చివరి అంకెను ఎర్రసిరాతో కొట్టేశారు. "ఇది రాసిన మహానుభావుడు జన్మలో ఉలవల బస్తా కొన్నట్టు లేదు" అన్నారు. ఉలవలు గుర్రానికి, ఉడికించిన నీళ్ళు చారుకు అన్నది ఆయన రాజ్యంలో శాసనం. మా సేన ఎక్కడ మకాం వేసినా గుర్రాలు తిన్నాక మిగిలిన దాంతో మాకు ఉలవచారే. మూడు నెలలు ఊహల్లో తిన్నా, ఇప్పుడు పెళ్ళిభోజనంలో ఉలవచారు కనబడితే నాకు సకిలింపు వినిపిస్తుంది.

ఇంత సాధించేవాడి ఆటకు మళ్ళీ మళ్ళీ ఎందుకు పోతామంటే, దానికో కారణం ఉంది. గుర్రానికి ఆకలేస్తుందన్న ఒక్క సంగతి పట్టుకుని ఆ మనిషి ఒక లోకం మొత్తాన్ని లాగుతాడు. ఆయన దేశంలో గుర్రాలు పుట్టవు, బతకవు. తేమనేల, ఉప్పుగాలి. కాబట్టి సముద్రం మీద రావాలి. కాబట్టి రాజు వర్తకుడికి వంగి దణ్ణం పెడతాడు. మంత్రగాడికంటే గుర్రపు వైద్యుడికి జీతం ఎక్కువ. యుద్ధం ఎప్పుడు రావాలో జ్యోతిష్కుడు చెప్పడు, ఏ గాలికి ఓడలొస్తాయో తెలిసిన సరంగు చెబుతాడు. ఇదంతా ఈయన కల్పన అనుకుని ఒకరోజు మెచ్చుకున్నాను. మెచ్చుకోలు ఆయనకు గిట్టదు. మర్నాడు నాలుగు పుస్తకాలు తెచ్చి నా ఒళ్ళో పడేశారు.

నిజంగానే జరిగిందంతా. 13వ శతాబ్దం చివర ఈ తీరాలు చూసిపోయిన మార్కో పోలో, మనకు దక్షిణాన తమిళ తీరపు రాజుల గురించి రాశాడు. హోర్ముజ్, ఏడెన్ వైపునుంచి వాళ్ళు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొంటారట. ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవట. సాకడం తెలిసినవాళ్ళు లేరు, గుర్రపు వైద్యుల్ని వర్తకులు ఇటు రానివ్వరు. వస్తే గుర్రాలు బతుకుతాయి, బతికితే బేరం పోతుంది. పైగా ఇక్కడివాళ్ళు గుర్రాలకు మాంసం కలిపి ఉడికించిన అన్నం పెట్టేవాళ్ళని కూడా ఆయనే రాశాడు.

ఈ చివరి మాట మా బామ్మర్ది చెవిన పడకుండా ఉండాల్సింది. వాడు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చూస్తాడు. మేత విషయంలో తనంత వాడు లేడని నమ్మకం. తర్వాతి ఆటలో తన పంచకళ్యాణికి ఏం పెడుతున్నావని మాస్టారు అడిగితే, ఒళ్ళు విరుచుకుని గొప్పగా చెప్పాడు: "నెల్లూరు చేపల పులుసు మాస్టారూ. నిన్నటిది. మామిడికాయ ముక్కలేసి."

మాస్టారు మాట్లాడకుండా పాచిక వేశారు. మూడు పడింది.

"కడుపు పట్టేసింది. పడిపోయి కాళ్ళు కొట్టుకుంటా ఉంది."

"కక్కిస్తా. ఉప్పునీళ్ళు పోస్తా!"

"గుర్రం కక్కుకోలేదు నాయనా. దాని పుట్టుకే అంత. లోపలికి పోయింది పోయినట్టే."

రాత్రి పదిన్నరదాకా లేని గుర్రాన్ని లేని తాడుతో లేని చెట్టు చుట్టూ నడిపించాం. పడుకోనివ్వకూడదట. బామ్మర్ది నిజంగానే లేచి మిద్దె మీద నాలుగు ప్రదక్షిణాలు చేశాడు. బట్టలు ఆరేయడానికి వచ్చిన మా ఆవిడ చూసి, ఏ మొక్కు తీరుస్తున్నాడో అనుకుని అడ్డం తప్పుకుంది. తెల్లవారుజామున, అంటే ఆటలో, గుర్రం లద్దె వేసింది. రాక్షసుణ్ణి చంపిన రోజున కూడా మేం అంత కేకలు పెట్టలేదు.

గుర్రాల్ని ఆయన పేర్లతో గుర్తుపెట్టుకోడు, గుణాలతో గుర్తుపెట్టుకుంటాడు. ఒకటి ఇసకపల్లి ఉప్పుమళ్ళు కనబడితే కదలదు, నాకుతూ నిలబడుతుంది. ఒకటి బకింగ్‌హాం కాలవ దాటదు. పులికాట్ దగ్గర ఒకదానికి రాజహంసలంటే భయం, వేలకొద్దీ గులాబీ రెక్కలు ఒక్కసారి లేచేసరికి మా రాణీగారిని బురదలో పడేసి పారిపోయింది. గుర్రం కొనేటప్పుడు సుడులు కూడా చూస్తారు. మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యాలే కట్టాడు కదా, ఒంటిమీద వెంట్రుకల సుడి ఎక్కడుంటే ఏం ఫలమో అప్పట్లో పెద్ద శాస్త్రం. మాస్టారు సుడికి పాచిక వేయిస్తారు. వాడికి సుడి ఉందని మనం మనుషుల గురించి ఊరికే అనేస్తాం. ఆయన మాత్రం ఎక్కడ ఉందని అడుగుతారు.

గడ్డి ఊరికే రాదు, పుల్లరి కట్టాలి. కట్టం అన్నామంటే కాటమరాజు కథ ఎత్తుకుంటారు. నెల్లూరేలిన మనుమసిద్ధికీ కాటమరాజుకీ యుద్ధమైంది ఈ మేతపన్ను దగ్గరే కదా, సేనాని ఖడ్గతిక్కన ప్రాణం పోయింది అందులోనే కదా అని. మేం వెంటనే కట్టేస్తాం.

ఇంతకీ అసలు గొడవ తోకల దగ్గర వచ్చింది.

ఉదయగిరి కోసం గజపతులతో తలపడిన సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర గద్దె ఎక్కాడు. గుర్రాల కోసం ఆయన పడిన తపన గురించి, తర్వాత యాభై ఏళ్ళకు ఆ రాజ్యంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. వెయ్యి పర్దావులకు, అంటే మన వరహాల్లాంటివే, మూడు గుర్రాల లెక్కన కొనేవాడట, బతికున్నా సరే చచ్చినా సరే. దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికిచ్చినట్టే డబ్బిచ్చేవాడట. మాస్టారు ఈ ఏర్పాటును యథాతథంగా మా రాజ్యంలో పెట్టారు. పెట్టి, బామ్మర్ది మొహం చూడటం మరిచిపోయారు. రొయ్యల గుంటల మీద బతికేవాడికి చావుల లెక్క ఎట్టా రాయాలో ఒకరు చెప్పాలా?

"పన్నెండు గుర్రాలు సముద్రంలో పోయినాయి సామీ. ఇవిగో తోకలు" అని వాడు రాజుగారి గుమాస్తా ముందు మూట విప్పాడు. గుమాస్తా వేషం మాస్టారిదే. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని నాలుగువేల వరహాలిచ్చారు. మేం రేవు దాకా నవ్వుతూ పోయి, చీకట్లో కట్టేసిన పన్నెండు మొండితోక గుర్రాల్ని విప్పుకున్నాం. డబ్బూ మాదే, గుర్రాలూ మావే. మాస్టారు ఏమీ అనలేదు. "ఏ నెల ఇది?" అని మాత్రం అడిగారు.

శ్రావణం అన్నాం. వానలు పడ్డాయి. చెరువు పక్కన మకాం.

"జోరీగలు" అన్నారు మాస్టారు.

తోక లేని గుర్రం జోరీగను ఏం పెట్టి తోలుకుంటుంది? పన్నెండుకు పన్నెండూ పిచ్చెత్తి, కట్లు తెంచుకుని, సూటిగా రాజుగారి కొలువులోకి ఉరికాయి. గుమాస్తా వాటి వెనకభాగాలను ఒక్కొక్కటిగా చూసి తన చిట్టా తెరిచాడట. మేం అడవిలోకి పారిపోయాం, నడిచి.

"మీరేదో కొత్త మోసం కనిపెట్టామనుకోమాకండి" అన్నారు ఆట ముగిశాక, దోసె కాగితాలు మడుస్తూ. "ఉచ్చైశ్రవం కూడా సముద్రంలోంచి వచ్చిన గుర్రమే. దాని తోక నల్లనని కద్రువ పందెం కాసింది, పిల్లపాముల్ని తోకకు వేలాడమంది. తోక దగ్గర మోసం అప్పటినుంచీ ఉండాది."

మెట్లు దిగుతూ బామ్మర్ది నా చెవిలో ఊదాడు: "బావా, ఈసారి గుర్రాలే అక్కర్లా. తాటినారకు మసి పూస్తే చాలు."

ఇంత గుర్రపు జ్ఞానం ఉన్న మనిషిని గుర్రం దగ్గర చూడాలని మాకు కోరిక. ఒక ఆదివారం ఆట మానేసి అందరం మైపాడు బీచికి పోయాం. ఇసకలో ఒక కుర్రాడు తెల్లగుర్రాన్ని తిప్పుతున్నాడు. మెడకు మువ్వలు, నుదుట కుచ్చు, తోక మాత్రం నిగనిగలాడే నలుపు. మాస్టారు పది అడుగుల దూరంలో ఆగిపోయారు. గుర్రం ఒక్కసారి చీదింది. అంతే, మేం తిరిగి చూసేసరికి ఆయన గట్టున లాగిపెట్టిన పడవలో, వలల కుప్ప మీద ఉన్నారు. చెప్పు ఒకటి కింద. పడవలోంచే విచారణ మొదలైంది.

"ఉలవలు ఎన్ని పెడతావబ్బా రోజుకి?"

"తవుడు, గడ్డి సార్. జనం బిస్కెట్లు పెడతారు."

"నీళ్ళు?"

"అడిగినప్పుడల్లా."

నోటుబుక్కు తీశారు. బిస్కెట్లు అని రాసుకుంటుంటే చెయ్యి వణికింది. తర్వాత చాలాసేపు తోక వంకే చూస్తూ ఉండిపోయారు. అల తగిలి గుర్రం తోక తడిసింది. దాని తెల్లటి తొడల మీదుగా నల్లటి చారలు కారాయి.

"అదేంది?"

కుర్రాడు సిగ్గుపడ్డాడు. "పెళ్ళి ఊరేగింపుకి నల్లతోక కావాలన్నారు సార్. హెయిర్ డై ఏసినా."

మాస్టారు ఆ కుర్రాడి చేతిలో వంద రూపాయలు పెట్టమని పడవలోంచి నాకు అందించారు. ఎక్కనందుకు వంద ఎందుకని కుర్రాడు అడిగితే, దాణాకన్నారు. దారి పొడుగునా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాతి ఆదివారం బామ్మర్ది గొప్ప హుషారుగా వచ్చాడు. మూట విప్పి, ఇరవైనాలుగు తోకలు, ఎనిమిదివేల వరహాలు అని ప్రకటించాడు. గుమాస్తా చిట్టా తెరవలేదు. మాస్టారు మిద్దె మెట్ల వైపు తిరిగి మా ఆవిణ్ణి కేకేశారు.

"అమ్మా, ఒక చెంబు నీళ్ళు, ఒక తెల్లగుడ్డ ఇస్తావా?"