టోపీ కింద బట్టతల

గోదావరి జిల్లాల్లో సంబంధం చూడాలంటే ముందుగా పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి వరండాలో కూర్చునేవాడు. కాఫీ తాగేలోపు ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు, పెద్దబ్బాయి ఎందుకు వేరే కాపురం పెట్టాడు వగైరాలన్నీ లాగేసి అవతలివాళ్ళకి చేరవేసేవాడు. తేడా వస్తే వెళ్ళి నిలదీయడానికి కనీసం అతగాడి ఇల్లెక్కడో మనకి తెలిసేది.

ఇప్పటి పేరయ్య ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని మెటా. కాఫీ కూడా అడగడు. ఫేస్‌బుక్‌లో ఉన్నంతసేపే మనల్ని చూస్తాడనుకుంటాం, పాపం! పూతరేకులకనో గులాబీ మొక్కలకనో ఏదో కొట్టువాడి వెబ్‌సైట్ తెరుస్తాం. ఆ పేజీలో కంటికి ఆనని చుక్క ఒకటి ఉంటుంది. పేరు పిక్సెల్. తన ప్రకటనలు గురి తప్పకూడదని కొట్టువాడే దాన్ని కోరి తెచ్చి పెట్టుకుంటాడు. ఎవరొచ్చారు, ఏది చూశారు, ఏది బుట్టలో వేసి డబ్బు కట్టకుండా జారుకున్నారు, అన్నీ ఆ చుక్క మోసేస్తుంది. 2026లో ఎత్తేసేదాకా వెబ్‌సైట్లలో ఉన్న లైక్ బొత్తామూ అదే బాపతు. నొక్కే పనే లేదు, పేజీలో ఉంటే సరిపోయేది.

"ఫోను మన మాటలు వింటోందండీ" అని రాజమండ్రి దేవీచౌక్‌లో టీ తాగుతూ గుసగుసలాడేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. ఊరంతా చుక్కలు పెట్టుకున్నవాడికి చెవొగ్గి వినాల్సిన ఖర్మేమిటి?

మా మండపేట బాబాయ్ జాగ్రత్తపరుడు. ఎదురింటి కుర్రాడు నేర్పిన ఇన్‌కాగ్నిటో, అదే, టోపీ, కళ్ళజోడు బొమ్మ ఉండే దొంగ కిటికీ తెరిచి, గదికి గడియ కూడా పెట్టుకుని, జుట్టు నాటే ఆసుపత్రుల రేట్లు చూశాడు. మర్నాడు ఏదో యాప్‌లో కొడుకు నిశ్చితార్థం ఫోటోలు వియ్యంకుడికి చూపిస్తుంటే, పెళ్ళికూతురి ఫోటో దాటగానే బట్టతల ప్రకటన. ముందూ వెనకా తలకాయలతో సహా! వియ్యంకుడు సహృదయుడు. చప్పుడు చెయ్యకుండా నెంబరు రాసుకున్నాడు.

ఆ టోపీ పనిచేసేది ఇంట్లోవాళ్ళ దగ్గరే. హిస్టరీ ఉంచదు, అంతే. 2025 జూన్‌లో యూరప్ పరిశోధకులు ఓ చోద్యం బయటపెట్టారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు లోపల దొడ్డిదారి తీసుకుని కూర్చుంటే, బ్రౌజర్‌లోని పిక్సెల్ అందులోంచి కబుర్లందించేదట, ఇన్‌కాగ్నిటోలో ఉన్నా సరే. సంగతి బయటపడ్డ రోజే మెటా ఆపేసింది. ఎంతైనా మర్యాదస్తులండీ, ఆయ్!

అసలు ఖాతాయే లేనివాళ్ళ మాటో? 2018 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ అడిగితే, వాళ్ళ సమాచారం కూడా భద్రత కోసం సేకరిస్తామని ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ గారే సెలవిచ్చారు. భద్రత ఎవరికో మాత్రం మనమే ఊహించుకోవాలి. ఓ క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ జనాల వివరాలు చేజిక్కించుకున్న లండన్ కంపెనీ కేంబ్రిడ్జ్ అనలిటికా లెక్క కూడా ఆ నెలలోనే తేలింది. మన దేశంలో ఆ క్విజ్ యాప్ వేసుకున్నది 335 మంది. స్నేహితులతో కలిపి చిక్కి ఉండొచ్చన్నవాళ్ళు 5.62 లక్షలు. మేనత్త కూతురు సరదాపడితే మన జాతకం లండన్ చేరింది. లండన్ దాకా ఎందుకులెండి, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నెంబర్లు, కులం, మతంతో సహా దండెం మీద ఆరేసి ఉన్నాయి.

శిక్ష లేదా అంటే ఉంది. వాట్సాప్ ప్రైవసీ పాలసీ మీద 2024 నవంబర్‌లో కాంపిటీషన్ కమిషన్ మెటాకి 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ ఏడాది మెటా రాబడి 16,450 కోట్ల డాలర్లు. రాజమండ్రిలో బస్సెక్కినవాడు అమలాపురంలో దిగేలోపు జరిమానా వచ్చేసి, పైన చిల్లర కూడా మిగులుతుంది.

ఇక 2023 నాటి డేటా రక్షణ చట్టం. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద అసలు బరువు పడేది మరో 18 నెలలకి, అంటే 2027 మేలో. గోదావరి పుష్కరాలూ ఆ ఏడే. అప్పటిదాకా మూటగట్టుకున్నదంతా ఒక్క మునకతో వదిలించుకోవచ్చని ఢిల్లీ వారి దూరదృష్టి కాబోలు.

బాబాయ్‌కి మాత్రం ఆ చట్టం మీద ఆశ పుట్టింది.

"నా సంగతి చెరిపెయ్యమని అడగొచ్చటగదరా?"

"అడగొచ్చు బాబాయ్, 2027 మే దాటాక. మనమెవరమో చెప్పి, ఏం చెరపాలో వివరంగా రాసి ఆన్‌లైన్‌లో పెట్టాలి."

"అంటే నాది బట్టతలని నా చేత్తో నేనే రాసివ్వాలన్నమాట!"