మడమ నేలకు తగలనియ్యకండి: పాలకుర్తి తల్లిదండ్రులకు చిట్కాలు

నడక వచ్చిన కొత్తలో పిల్లలు మునివేళ్ల మీద నడవడం మామూలే. రెండు మూడేళ్లు వచ్చేసరికి మడమ దానంతటదే నేలకు ఆనుతుంది. మీ పిలగాడిది ఆనలేదా? శుభం. దాన్ని అలాగే కాపాడుకోండి.

1. వాకర్ కొనండి. వేళ్లు మాత్రమే నేలకు అందే ఎత్తులో బిగించి, సీరియల్ చూసుకోండి. కెనడా 2004లో వాకర్లను నిషేధించింది. పాపం, అక్కడ సీరియళ్లు లేవు కాబోలు.

2. సాకులు సిద్ధం చేసుకోండి. అత్తమ్మ అడిగితే, "మీ కొడుకు గూడ చిన్నప్పుడు గట్లనే నడిచిండట గద!" అంగన్‌వాడీ టీచరుకు చలికాలంలో "నేల సల్లగున్నది మేడం", ఎండాకాలంలో "నేల కాలుతున్నది మేడం". వానాకాలంలో బురద ఉండనే ఉంది.

3. ఆర్‌బీఎస్‌కే వాళ్లతో జాగ్రత్త. అది పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన పథకం. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి, పైసా తీసుకోకుండా పిల్లలను చూస్తారు. ఊరికే చూస్తున్నారంటేనే అనుమానించాలి. ఆ రోజు పిలగాణ్ని సోమేశ్వరస్వామి గుట్టకు తీసుకుపోండి. ఎక్కేటప్పుడు మాత్రం చంకనెత్తుకోండి. ఎక్కలేకపోతున్నాడని నలుగురికీ తెలిస్తే ఎట్లా? ఒకవేళ దొరికిపోయి పెద్దాసుపత్రికి రాసిచ్చినా భయం లేదు. మన మండలం 2016లో వరంగల్ నుంచి జనగామ జిల్లాకు మారింది. "ఎటు పోవాల్నో తెల్వలే" అంటే ఇప్పటికీ చెల్లుతుంది.

4. కూర్చున్నవాడు తొడల మీద చేతులు ఆనించి, తన ఒంటి మీద తానే ఎగబాకినట్టు లేస్తున్నాడా? "మా చిన్న తాత" అని వీడియో తీసి స్టేటస్ పెట్టండి. ఊరంతా చూడాలి, డాక్టర్ తప్ప. ఒక్క కాలే వేళ్ల మీద ఉన్నా, మాటలు ఆలస్యమైనా, బాగా నడిచినవాడు ఉన్నట్టుండి మునివేళ్లకు మారినా దేనికదే అనుకోండి. కలిపి ఆలోచిస్తే డాక్టర్ దగ్గరకు పోవాల్సి వస్తుంది.

5. ఫిజియోథెరపీ ఆయన మోకాలు చాపి, పాదాన్ని మెల్లగా పైకి వంచి రోజూ కాసేపు పట్టుకోమంటాడు. వారం బాకీ అంతా ఆదివారం పొద్దున ఒకేసారి తీర్చేయండి. పిలగాడు ఏడిస్తే అదీ మాఫీ. ఇంకా సులువు కావాలంటే "మడమ పెట్టు!" అని గద్దించండి. మీరు చూస్తున్నంతసేపు పెడతాడు. అంతే, నయమైందని చుట్టాలకు ఫోన్ చేయండి.

6. ఇక ఓపిక పట్టండి. పిక్క బిగుసుకుంటుంది, మడమ వెనక స్నాయువు కురచవుతుంది, గొంతుక్కూర్చుంటే వెనక్కి పడతాడు. సాగదీస్తే పోయేది వారాల తరబడి మార్చి మార్చి వేసే పిండికట్ల దాకా, అదృష్టం ఉంటే ఆపరేషన్ దాకా పోతుంది. ఇన్నాళ్లు ఏం చేశారని డాక్టర్ అడిగితే తడుముకోకండి. "వాడేం చెప్పలే సార్" అనండి.