తారకిల్లు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ ఆటవెలదికి కర్త ఎవరో తెలియదు. ఒక పాత బిస్కెట్ల డబ్బా మూత లోపలివైపు మైదాతో అంటించిన చీటీ మీద ఇది ఉంది. తెనాలిలో ఒక ప్రతి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి, మొత్తం మూడు. పాఠభేదాలు ఉన్నాయి. ఊరికొక పాఠం ఉండటం ఈ ప్రాంతపు ఆచారమే కాబట్టి దానికి ఆశ్చర్యపోవలసింది లేదు. మేము తెనాలి ప్రతిని ప్రధానంగా తీసుకున్నాం. కారణం అడిగితే, మాది తెనాలి.

మూలం

రెండు రూక నోటు, దండిగా బిళ్ళలు,
రాలు చుక్క తునక, రంగు పటము,
గ్రహణ నాటి ఫిల్ము గల్లంతు కాకుండ
దాచువాని యిల్లె తార కిల్లు.

ప్రతిపదార్థం

రెండు రూక నోటు = వెనకవైపు ఉపగ్రహం బొమ్మ ఉన్న రెండు రూపాయల కాగితం; దండిగా బిళ్ళలు = కావలసినన్ని తపాలా బిళ్ళలు (జ్వరానికి మింగేవి కావు); రాలు చుక్క తునక = ఆకాశం నుంచి పడిందని అమ్మినవాడు ఒట్టేసి చెప్పిన ముక్క; రంగు పటము = మేకు కొట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోక చుట్టగానే ఉండిపోయిన బొమ్మ; గ్రహణ నాటి ఫిల్ము = ఎవరిదో విరిగిన చెయ్యి కనబడే ఎక్స్‌రే; గల్లంతు కాకుండ = దసరా ముందు బూజు దులపడాన్నీ, భోగిమంటనూ, పాతపేపర్లవాడినీ తప్పించుకునేటట్టుగా; దాచువాని = భద్రపరచేవాడి; యిల్లె = అద్దెదైనా సరే, ఆ ఇల్లే; తారకు + ఇల్లు = చుక్కకు నివాసం.

తాత్పర్యం

రెండు రూపాయల నోటు, తపాలా బిళ్ళలు, ఉల్క ముక్క, బొమ్మలు, గ్రహణంనాటి ఫిల్ము పారేయకుండా దాచుకున్నవాడి ఇల్లే నక్షత్రానికి ఇల్లు అని భావం.

వ్యాఖ్య

'రెండు రూకల' అనాలి కదా, 'రెండు రూక' ఏమిటని బాపట్లవారి ఆక్షేపణ. 'ల' చేర్చి చూడండి, గణం చెడుతుంది. చిల్లర తగ్గితే సర్దుకుపోయే లోకం ఒక్క అక్షరానికి సర్దుకోలేదా? ఇంతకు మించి దీని మీద కాలయాపన అనవసరం.

నోటు సంగతి మాత్రం తీరిగ్గా చూడాలి. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట. బరువు 360 కిలోలు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద కపుస్తిన్ యార్ నుంచి ఎగిరింది. కరెంటు సరఫరా చెడి నాలుగైదు రోజుల్లోనే దానిలోని ప్రయోగాలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది రెండు రూపాయల నోటు వెనక దాని బొమ్మ వేశారు. పలకలు పలకలుగా, గులాబీ రంగు తిరిగిన ఎర్ర సిరాలో ఉంటుంది. పైనున్న ఉపగ్రహం 1992లో వాతావరణంలోకి దిగి కాలిపోయింది. జేబుల్లో ఉన్నది ఆ తర్వాత కూడా తెనాలి మార్కెట్లో కూరగాయల తడికి నాని, మడతల దగ్గర చిరిగి, గోధుమరంగు టేపు అతికించుకుని మరీ తిరిగింది. టీ తాగినవాడు అంతరిక్ష కార్యక్రమాన్ని కొట్టువాడి చేతిలో పెట్టి చిల్లర తీసుకున్నాడన్నమాట. ఎవరూ గమనించలేదు. గమనించి ఒక్కటి పక్కన పెట్టుకున్నవాడు మన నాయకుడు.

ఇక్కడ ఒక శంక. రెండు వేల నోటు వెనక మంగళయాన్ ఉంది కదా, కవి దాన్నెందుకు వదిలాడు? 2013 నవంబరు 5న శ్రీహరికోటలో బయల్దేరి 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో చేరిన నౌక, అంతకంటే గొప్పదేముంది? సమాధానం: 2023 మే 19న ఆ నోటును వెనక్కు తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. అప్పుడు దాచేవాడి దీక్షకు వచ్చిన పరీక్ష రెండు రూపాయలతో పోయేది కాదు. నెల సరుకుల్లో సగం. చెల్లుబాటు పోలేదని బ్యాంకు చెప్పినా ఇల్లాలు వినలేదు. అంగారకుడు బ్యాంకులో జమయ్యాడు. కాబట్టి 'రెండు రూక' అనడంలో కవి పొదుపే కాక అనుభవం కూడా ధ్వనిస్తోంది. వస్తుధ్వని.

'దండిగా బిళ్ళలు'. ఆర్యభట బిళ్ళ 1975 ఏప్రిల్ 20న, ప్రయోగం జరిగిన మర్నాడే వచ్చింది. ధర 25 పైసలు. హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో అంతరిక్షంలోకి వెళ్ళిన రోజు, 1984 ఏప్రిల్ 3న, మూడు రూపాయల బిళ్ళ విడుదలైంది. రాకెట్లకూ తపాలాకూ చుట్టరికం మన దేశంలో ఇంకా పాతది. కలకత్తా ప్రాంతంలో స్టీఫెన్ స్మిత్ అనే ఆయన 1930లలోనే ఉత్తరాలను రాకెట్లలో పెట్టి పంపాడు. 1935లో ఒక కోడినీ పుంజునూ దామోదర్ నది దాటించాడు. రెండూ బతికే దిగాయి. 1992లో ఆయన పేరనే బిళ్ళ వేశారు. గోదావరి దాటించి ఉంటే మన పందెపు పుంజులకు ఎంత వంశప్రతిష్ఠ వచ్చేదో!

కొత్తగా మొదలుపెట్టినవారు చేసే పాపం ఒకటి ఉంది. కవరు మీద బిళ్ళ కనబడగానే చుట్టూ కత్తిరించి, గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, బంక వదిలాక పేపరు మీద బోర్లా ఆరబెట్టి మురిసిపోతారు. మామూలు బిళ్ళకు ఇది ధర్మమే. కానీ శ్రీహరికోట పోస్టాఫీసు ముద్ర రాకెట్ లేచిన తేదీతో పడిన కవరుకు ఇది హత్య. బిళ్ళ దేశమంతటా దొరుకుతుంది, ఆ తేదీ ముద్ర ఆ కవరు మీదే ఉంటుంది. సగం ముద్ర బిళ్ళ మీద, సగం కాగితం మీద ఉన్నదాన్ని కోస్తే మిగిలేది రెండు వైపులా పనికిరాని సగాలు. కవరును కవరుగా ఉంచాలి. 'గల్లంతు కాకుండ' అన్న మాటకు కత్తెరను కూడా కలుపుకోవాలని మా మతం.

'రాలు చుక్క తునక'. బాపట్ల ప్రతిలో 'రాలు రాయి తునక' అని ఉంది. వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు, మట్టిని పరీక్ష చేయనిదే నమ్మరు. చుక్క రాలదనీ, రాలేది రాయేననీ వారి వాదం. శాస్త్రం వారి పక్షమే. అయినా రాతిని రాయి అని చెప్పడానికి పద్యం ఎందుకు?

అసలు చిక్కు అది రాయా, చిట్టెమా అన్నది. ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం నల్లగా, బరువుగా, బుడగల గుంటలతో ఉంటుంది. సంతలో ఉల్కగా అమ్ముడయ్యేది ఎక్కువగా ఇదే. పరీక్షలు చెబుతాం. లోపల గాలిబుడగలు ఉంటే అనుమానించండి. అసలు ఉల్కకు పైన సన్నటి నల్లటి పెంకు ఉంటుంది, గాలిలో కాలిన గుర్తు. అయస్కాంతం అంటుకుంటే తొందరపడి సంబరపడొద్దు, చిట్టేనికీ అంటుకోవచ్చు. ఇనుప ఉల్కలో నికెల్ ఉంటుంది. కోసి, నున్నగా చేసి, ఆమ్లం పూస్తే చాలావాటిలో అడ్డగీతల అల్లిక తేలుతుంది. లోహం లక్షల ఏళ్ళ పాటు నెమ్మదిగా చల్లారితే తప్ప ఆ అల్లిక రాదు, ఏ కొలిమీ దాన్ని వేయలేదు. తెనాలి శిల్పులు పాత ఇనుప సామాను అతికి సింహాలనూ నాయకుల విగ్రహాలనూ నిలబెడతారు. నట్లు, బోల్టులు నాయకులైన ఊళ్ళో చిట్టెం చుక్క కావడం ఏమంత కష్టం అని ఒకాయన మాతో వాదించాడు. శిల్పి తాను చేసింది ఇనుప సామానేనని చెప్పి అమ్ముతాడు. తేడా అక్కడుంది.

నిజంగా ఉల్కే పడితే? మన దేశంలో పడిన ఉల్కలకు సంరక్షకులు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు. మీ పొలంలో పడ్డా వారికి చెప్పాలి. రాకెట్ ముక్క దొరికినా ఇంతే. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం పంపిన దేశానిదే సొత్తు, ఎక్కడ పడినా సరే. 2023 జులైలో ఆస్ట్రేలియా పడమటి తీరానికి పెద్ద లోహపు డ్రమ్ము కొట్టుకొచ్చింది. మన పీఎస్ఎల్వీ మూడో దశ భాగమని తేలింది. ఇక సూర్యలంక ఒడ్డున లోహపు ముక్క కనబడితే ఈ పద్యాన్ని గుర్తుచేసుకోకండి. అక్కడ వైమానిక దళం క్షిపణులు పేల్చి చూసుకుంటుంది. దాన్ని ముట్టకుండా పోలీసులకు కబురు చేసినవాడే ఉత్తమ సేకర్త.

మరి చంద్రశిల మాటేమిటి? ఆరు అపోలో యాత్రలు తెచ్చిన 382 కిలోల రాళ్ళూ మట్టీ అమెరికా ప్రభుత్వానివి, అమ్మకానికి లేవు. అపోలో 11లో మట్టి తెచ్చిన సంచి ఒకటి మాత్రం పొరపాటున ప్రభుత్వ వేలంలోకి జారింది. ఒక న్యాయవాది 995 డాలర్లకు కొని, కోర్టులో గెలిచి, 2017 జులై 20న 18 లక్షల డాలర్లకు అమ్మేశారు. ఆవిడ అమ్మారు, కనుక ఈ పద్యానికి నాయిక కాలేరు. కవి 'కొనువాని' అనలేదు, 'అమ్మువాని' అసలే అనలేదు. పద్యంలోని వస్తువులు దాదాపు అన్నీ ఊరికే చేతికొచ్చి, ఊరికే చేజారేవి. చేజారనివ్వకపోవడం ఒక్కటే ఇందులో పురుషకారం.

'రంగు పటము'. పెద్దవాళ్ళకు ఈ మాట వినగానే 'సోవియట్ భూమి' పత్రిక గుర్తుకొస్తుంది. నునుపైన దాని కాగితం బడి పుస్తకాలకు అట్టలుగా పోయింది. లెక్కల నోటుబుక్కు మీద గగారిన్ నవ్వుతూ ఉండేవాడు, లోపల సున్నాలు. ఏడాది చివర పుస్తకంతోపాటు ఆయన్నూ కిలోల లెక్కన తూచారు.

కొత్తవాళ్ళకు రంగు పటమంటే 2021 జులై 12 నాటి దినపత్రిక. ముందురోజు బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వారి యూనిటీ నౌకలో న్యూమెక్సికో నుంచి పైకి వెళ్ళి వచ్చారు. కుటుంబ మూలాలు తెనాలివి, పుట్టింది చీరాలలో. అప్పటికి అంతా గుంటూరు జిల్లా, ప్రకాశం జిల్లా లెక్క. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక చీరాల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. దాంతో వ్యోమగామి మాది అంటే మాదని బాపట్ల ప్రతిలో ఒక అంచు వ్యాఖ్య కూడా చేరింది. ఆ నౌక దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తు ముట్టింది. అమెరికన్ల లెక్కలో 80 దాటితే అంతరిక్షం, అంతర్జాతీయ వైమానిక సమాఖ్య లెక్కలో 100 దాటాలి. ఏ లెక్క సరైనదన్న చర్చ తెనాలిలో నడవదు. మా పిల్ల ఎక్కడిదాకా వెళితే అంతరిక్షం అక్కడ మొదలవుతుంది.

'గ్రహణ నాటి ఫిల్ము'. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా పోయింది. హైదరాబాదు దగ్గర జపాల్–రంగాపూర్ వేధశాలలో పరికరాలతో చూశారు, తక్కినవాళ్ళు తలుపులు బిగించుకున్నారు. సాహసం చేసినవారి ఆయుధమే ఈ ఎక్స్‌రే ఫిల్ము. దాచుకోండి, దానిలోంచి మాత్రం చూడకండి. కళ్ళు పోతే సేకరణను తడుముకోవలసి వస్తుంది.

'నాటి' అన్నది ఏనాటి? ఎక్స్‌రే అప్పటికి పుట్టకపోయినా, మేము 1868 ఆగస్టు 18 అంటాం. ఆరోజు చంద్రుడి నీడ గుంటూరు, మచిలీపట్నం మీదుగా నడిచింది. నడుమనున్న తెనాలి, రేపల్లె ఆ దారిలోనివే. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో వర్ణపటమాపకం పెట్టుకుని సూర్యుడి అంచున లేచే మంటల కాంతిని విడదీసి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనబడాలే అనుకుని మర్నాడు మామూలు ఎండలోనే పట్టుకున్నాడు. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ విడిగా అదే పని చేశాడు. అప్పుడు తేలిన ఒక పసుప్పచ్చ గీత ఎవరికీ తెలియని మూలకానిది: హీలియం. భూమి మీద అది దొరికింది 1895లో. శ్రీహరికోటలో రాకెట్ ట్యాంకుల్లో ఒత్తిడి నిలపడానికి ఇవాళ వాడేది దాన్నే. 1872లో ఫ్రెంచివారు జాన్సెన్, లాకియర్‌ల ముఖాలు పక్కపక్కన వేసి పతకం పోయించారు. గుంటూరు పేరిట ఏ పతకమూ లేదు. ఉంటే కవి తప్పక దానికొక సూర్యగణం కేటాయించేవాడు.

ఇక నాలుగో పాదం. రేపల్లె ప్రతిలో ఇది 'దాచువాని యాలి తలకు నొప్పి' అని ఉంది. ఛందస్సుకు ఏ లోపమూ లేదు, యతి కూడా కుదిరింది. ఎవరో కొంటెవాడు మార్చాడని మొదట కొట్టిపారేశాం. తర్వాత సామాను పరిస్థితి చూశాం. సముద్రపు గాలికి తేమ ఎక్కువ. వానాకాలంలో బిళ్ళల వెనక బంక దానంతటదే తడిసి అవి ఒకదానికొకటి పట్టేస్తాయి, ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమర్చి రంగు ఊడుతుంది. మధ్యలో బటర్ పేపరు వేసిందెవరు? డబ్బా మూలల్లో కలరా ఉండలు గుడ్డలో కట్టి పెట్టిందెవరు? వాన వెలిసిన రోజు నీడపట్టున ఆరబెట్టి, మళ్ళీ వరస తప్పకుండా సర్దిందెవరు? నాయకుడు తెచ్చాడు, పదిమందికీ చూపించాడు. 'దాచు' అన్న క్రియకు అతణ్ణి కర్త చేయడం వ్యాకరణానికి సరే, సత్యానికి సరిపోదు. అందుకని పాదాన్ని ఇలా సవరించాం:

దాచునట్టి తల్లి దయకు జోత.

ఆలిని తల్లి అనడం అనౌచిత్య దోషమని బాపట్ల నుంచి అప్పుడే ఖండన వచ్చింది. కవరు మీద ముద్ర చక్కగా, నిండుగా, తేదీ చదవగలిగేట్టు పడింది. అంచు చించకుండా ఆవిరి పట్టి తెరిచాం. జవాబు ఇంకా రాయలేదు.