నీళ్ళు పండాలోయ్!

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక చేపల బాబాయి ఉంటాడు. ముప్ఫయ్యేళ్ళు ఆయన ఏ ఆఫీసులో పనిచేశాడో ఎవరికీ గుర్తుండదు గానీ, ఆయన హాల్లో నాలుగడుగుల ట్యాంకు ఉందన్న సంగతి వాచ్‌మన్ మొదలుకొని పాలవాడి దాకా అందరికీ తెలుసు. అసోసియేషన్ మీటింగుకి రమ్మంటే మోకాళ్ళ నొప్పులంటాడు. అదే ఎవరింటికైనా పాలిథిన్ సంచిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు వచ్చాయని తెలిస్తే లిఫ్టు కోసం కూడా ఆగడు, మెట్లమీంచే దిగిపోతాడు.

మా కూకట్‌పల్లి బాబాయిది గోదావరి జిల్లా. ఏటికి ఎర్రనీరు వచ్చిందని కబురందితే చాలు, పులసని బేరమాడకుండా కొనే వంశం. అదే నోటితో గాజు వెనకాల తిరిగేవాటిని "పిల్లలు" అంటాడు. ఇదెక్కడి న్యాయమని అడిగితే "అవి వేరు, ఇవి వేరు" అని తేల్చేస్తాడు. ఎలా వేరో చెప్పడు.

మొన్న ఆదివారం పొద్దున్నే నాలుగో అంతస్తు వాళ్ళింట్లో దిగబడ్డాడు. వాళ్ళ పిల్లాడి గోల్డ్‌ఫిష్‌లు రెండూ గుండ్రటి గాజుగిన్నెలోంచి కొత్తగా కొన్న మూడడుగుల ట్యాంకులోకి మారే ముహూర్తం అది.

"ఎప్పుడు నింపావోయ్?"

"రాత్రే బాబాయిగారూ."

బాబాయి సోఫాలో కూలబడ్డాడు. "రాత్రి నింపి పొద్దున్నే దింపేస్తావా? నీళ్ళు పండాలోయ్!"

అక్కణ్ణుంచి మొదలు. చేప వదిలే మలినంలోంచి అమ్మోనియా పుడుతుందట. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుందట. మొదటి రెండూ చేపకి విషమే. మూడోదాన్ని చాలావరకు తట్టుకుంటుంది, వారానికోసారి కొన్ని నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఈ బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. "అప్పటిదాకా ఆ తళతళలాడే నీళ్ళు శ్మశానమే!" అన్నాడు పిల్లాడి ఎదురుగానే. వాడు రాగం అందుకున్నాడు.

ఆరు వారాలు ఆగమనే ఈ మనిషి సిగ్నల్ దగ్గర ఆరు సెకన్లు ఆగలేడు. ముందు బండి వెనక నిలబడి హారన్ మీంచి బొటనవేలు తియ్యడు. పెళ్ళి భోజనాల్లో వడ్డన ఆలస్యమైతే వంటగదిలోకే వెళ్ళిపోతాడు. నీళ్ళ దగ్గర మాత్రం మహర్షి.

పాత ఫిల్టర్‌లోని స్పాంజి కొత్త ఫిల్టర్‌లో పెడితే ఆ బ్యాక్టీరియా దానితోపాటే వచ్చేస్తుంది, ఆరు వారాల గండం చాలావరకు గట్టెక్కుతుంది. ఆ సంగతి ఆయన చెప్పేసరికే ఇంటావిడ స్పాంజిని కుళాయి కింద పిండి పిండి ఉతికి, తెల్లగా చేసి, బాల్కనీలో ఆరేసింది.

"కడిగేశావా అమ్మా?" అన్నాడు బాబాయి నీరసంగా. మంజీరా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది తగిలితే బ్యాక్టీరియా చస్తుంది, స్పాంజిని ట్యాంకు నీళ్ళలోనే పిండాలి అని వివరించి పైకి పరిగెత్తాడు. స్టీలు క్యారియర్ గిన్నెలో తన ట్యాంకు నీళ్ళు పోసి, అందులో కాఫీపొడి రంగు స్పాంజి ఒకటి ముంచి తెచ్చాడు. "వాసన చూడు" అని ఇంటాయన ముక్కు దగ్గర పెట్టాడు. నిజానికి కుళ్ళు కంపేమీ లేదు, తడిమట్టి వాసనే. ఆ గిన్నె కోసం పిన్నిగారు ఇప్పటికీ వెతుకుతున్నారు.

ఆయన చెప్పేదంతా దాదాపు నిజమే కావడం మా అందరికీ పెద్ద చికాకు. అబద్ధమైతే నవ్వి పంపేయొచ్చు కదా!

చొక్కా జేబులో బీపీ మాత్రల పక్కనే యాంటీ క్లోరిన్ చుక్కల సీసా ఉంటుంది. అది తీసి లెక్కపెట్టి వేశాడు. ట్యాంకు ఈశాన్యంలో కిటికీ పక్కన పెట్టారని మండిపడ్డాడు. వాస్తు అని ఇంటాయన గొణిగితే, "ఎండ పడితే నాచు పడుతుంది. నాచుకి వాస్తు తెలీదు" అన్నాడు. సరే, జరుపుదామని ఇంటాయన అలాగే ఒక చెయ్యి వెయ్యబోతే గావుకేక పెట్టాడు. లీటరు నీళ్ళంటే కిలో బరువు, ఇందులో నూట ఇరవై లీటర్లున్నాయి, నీళ్ళతో ఎత్తితే అంటించిన మూలలు విడిపోయి కింది ఫ్లాట్‌వాళ్ళకి తుఫాను వస్తుందన్నాడు. చివరికి కిటికీకి కర్టెన్ వేశారు.

షాపువాడు ట్యాంకుతోపాటు ఉచితంగా ఇచ్చిన సక్కర్ చేప సంచి ఒకటి మూలనుంది. దాన్ని చూశాక బాబాయి గొంతు నిజంగానే మారింది. "ఇది అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు తీసుకెళ్ళి చెరువులో పారేస్తారు. మా వైపు చెరువుల్లోకీ, అటు కృష్ణలోకీ ఇలాగే చేరింది. వలలు చింపేస్తోంది. దెయ్యం చేపంటారు దీన్ని." సంచి తనే పట్టుకెళ్ళి వాపసు ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా.

చివరికి లైటు ఆర్పించి, గోల్డ్‌ఫిష్‌లని వాటి నీళ్ళతో సహా సంచిలోకి తీసి ట్యాంకులో తేలేశాడు. వేడి సమానం కావడానికి పావుగంట. ఆ తర్వాత కొన్ని నిమిషాలకోసారి చిన్న గ్లాసుడు కొత్త నీళ్ళు సంచిలో పొయ్యాలి. ఆఖర్న చేపల్ని వలతో తీసి వదలాలి, సంచిలో నీళ్ళు మాత్రం ట్యాంకులో పొయ్యకూడదు. పిల్లాడు మేత డబ్బా తెస్తే లాక్కున్నాడు. "ఇవాళ వీళ్ళకి ఉపవాసం. రేపు చిటికెడు."

ఇంతలో ఫోను మోగింది. పిన్నిగారి గొంతు గది మొత్తానికీ వినపడింది. కాకినాడ నుంచి గౌతమిలో వచ్చిన అల్లుడుగారు లింగంపల్లి స్టేషన్లో గంట నుంచి నిలబడి ఉన్నారట.

బాబాయి చేతిలో గ్లాసు కదలనివ్వకుండా, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు.

"టీ తాగమను. ఇక్కడ నాలుగో గ్లాసు పోస్తున్నా, మధ్యలో ఎలా వస్తానే?"