లిఫ్టు తలుపు మీది నోటీసు: సటీకా తాత్పర్యము

మూలము

"వినాయక చవితి విషయమై ఆదివారం సాయంత్రం 6 గంటలకు పార్కింగులో మీటింగు కలదు. అన్ని ఫ్లాట్ల వారు తప్పక రావలెను. ఇట్లు, కమిటీ."

అవతారిక

హైదరాబాదు అపార్టుమెంట్లలో శ్రావణమాసం సగం గడిచేసరికి లిఫ్టు తలుపు మీద వెలిసే గద్యం ఇది. కర్త అజ్ఞాతుడు. ఒకరి పేరొకరికి తెలియని నలభై కుటుంబాల్లోంచి పని నడిపించే ఏడెనిమిది మంది జట్టు ఎలా పుడుతుంది, ఎలా ముదురుతుంది అన్నది ఇందులోని ప్రతిపాద్యం. మూలంలో లేనిదేదీ రాయనని మెదక్ ప్రాంతపు వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ఈ వ్యాఖ్యకు ఆ నియమం కుదరదు. ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

అనుబంధ చతుష్టయంలో విషయం పండగ, ప్రయోజనం పుణ్యమూ లడ్డూ, సంబంధం మెయింటెనెన్సు బిల్లు. అధికారి, అనగా దీన్ని చదువుటకు అర్హుడు, ఓనరు మాత్రమేనా, అద్దెకున్నవాడు కూడానా అన్నది మీటింగులోనే తేలాలి.

ప్రతిపదార్థము

సాయంత్రం 6 గంటలకు = ఏడు దాటిన పిదప. ముఖ్యార్థానికి బాధ కలిగినచోట లక్షణను ఆశ్రయించాలి. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున అని ఆలంకారికులు చెప్పలేదా! 6ను బాల్‌పెన్నుతో 6:30గా దిద్దిన పాఠాంతరం ఉంది గాని అర్థభేదం లేదు.

పార్కింగులో = నిలబడి.

అన్ని ఫ్లాట్ల వారు = ప్రత్యేకించి ఎవరూ కాదు. ఈ పదానికి కొంత విస్తరం అవసరం. మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, మంది పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ పోవడం కనిపెట్టి 1913లో ప్రకటించాడు. ఎనిమిది మంది కలిసి లాగితే వచ్చిన బలం, విడివిడిగా లాగినప్పటి మొత్తంలో సగం చుట్టుపక్కలే తేలింది. 1979లో అమెరికాలో బిబ్ లటానే, అతని సహచరులు విద్యార్థుల చేత చప్పట్లు కొట్టించి, అరిపించి, శబ్దాన్ని కొలిచారు. గుంపులో అరిచినవాడు ఒంటరిగా అరిచినంత గట్టిగా అరవలేదు. నిమజ్జనం బండి వెనక "గణపతి బప్పా" అని ఒకడు గొంతు చించుకుంటే "మోరియా" అనేవారిలో సగం మంది పెదవులే కదపడం ఈ కోవలోనిదే. కావున అందరినీ పిలిచిన పిలుపు ఎవరినీ పిలవదు. అనుభవజ్ఞుడైన కార్యదర్శి నోటీసు అంటించి ఊరుకోడు, ఐదారు తలుపులు కొట్టి పేరు పెట్టి పిలుస్తాడు. రాబోయే జట్టుకు వాళ్ళే బీజం.

కమిటీ = ఇకముందు ఏర్పడబోవునది. పుట్టని కమిటీ తన పుట్టుకకు తానే పిలుపు పంపుతున్నది. జరగబోయేదాన్ని ఎదుట ఉన్నట్టు చెప్పుటచే ఇది భావికాలంకారము.

తాత్పర్యము

1965లో బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, అమెరికా నౌకాదళ వైద్య పరిశోధన సంస్థలో పనిచేస్తూ, చిన్న బృందాల మీద అప్పటిదాకా వచ్చిన యాభై రచనలను దగ్గర పెట్టుకుని చదివి నాలుగు దశలు తీశాడు: కూడిక, కలహం, కట్టుబాటు, కార్యం. ఇంగ్లీషులో ఆ పేర్లకు అంత్యప్రాస ఉంది. శిక్షణ తరగతుల్లో అవి ఇప్పటికీ వల్లెవేయబడటానికి ప్రాస మహిమ కూడా కొంత కారణం కావచ్చు.

కూడిక దశలో మర్యాద ఎక్కువ, పని తక్కువ. పార్కింగులో చేరిన పన్నెండు మంది కారు పక్కన కారులా నిలబడి, ఎవరో ఒకరు మొదలుపెడతారని చూస్తారు. "మీరెలా అంటే అలాగే" అన్న మాట ఈ దశకు చిహ్నం. ఆ మాట అన్నవారే తరువాతి దశలో అందరికంటే గట్టిగా మాట్లాడతారు.

కలహ దశలో మట్టి విగ్రహమా, ప్లాస్టర్ ఆఫ్ పారిసా అని మొదలవుతుంది. మూడు రోజులా, తొమ్మిది రోజులా? చందా ఫ్లాటుకింతా, చదరపు అడుగుకింతా? అన్నదానం కూరలో ఉల్లిపాయ ఉండవచ్చునా? 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాద్ గణపతి 2014 నాటికి అరవై అడుగులకు చేరాడు కదా, మన విగ్రహం ఏటా ఒక్క అంగుళమైనా పెరగవద్దా అని ఒక యువకుడి ఉపపత్తి. అంతలో వెనక నుంచి బ్రహ్మాస్త్రం: "ముందు పోయినేడాది లెక్క చెప్పండి." బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో ముప్పై లక్షలు దాటింది. అపార్టుమెంటు లడ్డూ అంత పలకకపోయినా, పలికిన ప్రతి రూపాయికీ జ్ఞాపకశక్తి గల సాక్షులుంటారు.

వీటన్నిటికీ వాచ్యార్థం ఉల్లిపాయ, అడుగులు, రూపాయలు. వ్యంగ్యార్థం ఒక్కటే: ఇక్కడ ఎవరి మాట చెల్లాలి? అది తేలేదాకా ఏ అంశమూ తెగదు. తేలాక ఉల్లిపాయ సంగతి ఎవరికీ గుర్తుండదు.

పూర్వపక్షము: కలహం లేకనే జట్టు కుదరవచ్చును గదా? పెద్దాయన ఒకరు అన్నీ చెప్పగా అందరూ తల ఊపితే సరిపోదా?

సిద్ధాంతము: అట్లు కాదు. తల ఊపినవారు డబ్బిస్తారు గాని పొద్దున్నే లేచి పూలు తేరు. తన మాట వినిపించుకున్నవాడే, ఓడినా సరే, పనికి భుజం పడతాడు. అయితే దీన్ని లోహసూత్రం చేయరాదు. టక్‌మన్ చదివిన రచనల్లో మానసిక చికిత్స బృందాలవే ఎక్కువ. ఆ లోటును ఆయనే ఒప్పుకున్నాడు. మనసుకు తగలని పనులు చేసే బృందాల్లో ఉద్రేకం అంతగా కనబడదని కూడా గుర్తించాడు. నీళ్ల ట్యాంకరు పిలిపించే జట్టు పోట్లాడకుండానే పని చేయవచ్చు. దేవుడు, తిండి, లెక్క మూడూ కలిసిన పనిలో ఆ ఆశ పెట్టుకోకూడదు.

కట్టుబాటు దశ నిశ్శబ్దంగా వస్తుంది. రసీదు లేనిదే ఖర్చు లేదు. పెద్ద ఖర్చుకు ఇద్దరి సమ్మతి. రోజుకో అంతస్తు హారతి. వీటిలో రాసుకున్నవి కొన్ని, రాయకుండా నిలిచినవి ఎక్కువ. ఇంతకుముందు "వాళ్ళు" అన్నవారు "మనం" అనసాగుతారు.

మతాంతరము: కానీ గెర్సిక్ అనే పరిశోధకురాలు ఎనిమిది బృందాలను మొదటి నుంచి చివరిదాకా గమనించి 1988లో వేరే మాట చెప్పింది. బృందాలు మెట్టు మెట్టుగా ఎక్కవట. ఉన్న గడువులో సగం అయ్యేదాకా మొదటి రోజు పద్ధతినే పట్టుకుని ఉండి, అక్కడ ఒక్కసారిగా మేల్కొని దారి మార్చుకుంటాయట. చవితికి వారముందు విగ్రహం కోసం ధూల్‌పేటకు పరుగెత్తిన కమిటీలన్నీ ఈ మతానికి సాక్ష్యం చెప్పగలవు. రెండు మతాలకూ విరోధం లేదు: కలహం ఎందుకు అన్నదానికి టక్‌మన్, అది ఎప్పుడు ఆగుతుంది అన్నదానికి గెర్సిక్ ప్రమాణం.

కార్య దశకు లక్షణం హోదాలు వదులు కావడం. విగ్రహం తెచ్చే డీసీఎం వ్యాను ఆలస్యమైతే కోశాధికారి పోయి రోడ్డు మీద నిలబడతాడు. షామియానా మీద వాన నీరు నిలిస్తే అధ్యక్షుడు కర్రతో పొడుస్తాడు. ఎవరు ఎవరికి చెప్పారని అడిగితే జవాబుండదు. అదే జట్టు పండిందనడానికి ప్రమాణం.

విశేషము

1977లో మేరీ ఆన్ జెన్సన్‌తో కలిసి టక్‌మన్ ఐదో దశను చేర్చాడు: విసర్జన. పని ముగిశాక బృందం విడిపోవడమూ బృంద జీవితంలో భాగమేనని దాని భావం. పాశ్చాత్య శాస్త్రానికి ఈ దశ తట్టడానికి పన్నెండేళ్లు పట్టింది. చవితి కమిటీకి నిమజ్జనం తేదీ మొదటి మీటింగులోనే తెలుసు. ఊరేగింపు మరునాడు చేయవలసినవి మూడు: షామియానా వాడికి బాకీ తీర్చడం, మిగిలిన సొమ్ము ఎంతో ప్రకటించడం, లెక్క కాగితం అందరికీ చూపడం. మూడోది ఎగ్గొట్టిన కమిటీ వచ్చే ఏటి కలహాన్ని ఇప్పుడే నాటుతుంది.

విసర్జన పూర్తిగా జరగదు. వాట్సాప్ గ్రూపు మిగులుతుంది. కార్తీకంలో బోరు మోటారు కాలిపోతే అసోసియేషన్ అధ్యక్షుడి కంటే ముందు, వానలో షామియానా పట్టుకున్న ఆ నలుగురికే ఫోన్లు వెళ్తాయి.