నాకూ ఒక షిఫ్టుంది

గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల గుర్తింపు సంఘం ఎన్నికలొచ్చాయంటే గేట్ మీటింగుల్లో నా పేరు మోగిపోతుందట. నిన్న ఒక జెండా, ఇవాళ ఇంకో జెండా పట్టినవాణ్ణి ‘ఊసరవెల్లి’ అని తిడతారట. అలా తిట్టేవాళ్లలో నన్ను చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లలోనూ తొండనుకుని రాయి విసిరినవాళ్లే ఎక్కువ.

నాది రామగిరి ఖిల్లా గుట్ట. ఇటు చూస్తే మూలికలకు పేరుబడ్డ అడవి, అటు చూస్తే ఓపెన్‌కాస్ట్ గని. ప్రపంచంలో రెండు వందలకు పైగా ఊసరవెల్లి జాతులున్నాయి. వాటిలో దాదాపు సగం మడగాస్కర్‌లోనే ఉంటే, భారతదేశానికి దక్కింది మా జాతి ఒక్కటే. 1768లో మాకు శాస్త్రీయ నామం పెట్టిన లారెంటి అందులో సింహళం పేరు తగిలించాడు. రామగిరి సంగతి ఆయనకేం తెలుసు!

ఇక రంగుల మాట. ఆకుల్లో కలిసిపోతానన్నది కొంత నిజమే. కానీ పొద్దున చలికి ముదురు రంగు తెచ్చుకునేది ఎండ కాగడానికి. మచ్చలు తేల్చేది భయానికో, కోపానికో. మా చర్మంలో కంటికి కనబడనంత చిన్న స్ఫటికాలుంటాయి; వాటి మధ్య ఎడం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు మడగాస్కర్‌లోని మా బంధువును పరీక్షించి చెప్పారు. నా మనసులో ఉన్నది నా ఒంటిమీదే కనబడుతుంది. జెండా మార్చేవాడికి ఆ గుణం ఉందా?

నాకు విషం లేదు. నడక ఊగుతూ, ఆగుతూ. ఆ లోటును ఒంటికన్నా పొడవైన నాలుక తీరుస్తుంది. ఒక కన్ను మిడత మీద ఉంటే రెండోది డంపర్ల దారి మీద ఉంటుంది. చెవి రంధ్రాలు లేవు గనక షిఫ్టు సైరన్ నాకు అంతగా అందదు. బ్లాస్టింగ్ మాత్రం కొమ్మ వణికి పాదాలకు తెలుస్తుంది. తాగేది ఆకుల మీది నీటిబొట్టు. ఈమధ్య అందులో దుమ్ము రుచి.

ఏడాదంతా చెట్టుమీదే ఉంటాను గానీ, వానలు వెనకబట్టాక ఒకసారి నేల దిగాలి. గుడ్లు పెట్టడానికి. కార్మికుడు బొగ్గు కోసం నేలలోకి దిగినట్టే నేనూ పిల్లల కోసం గుంత తవ్వుతాను. అదే నా షిఫ్టు. గుడ్లను మట్టితో కప్పి చెట్టెక్కేస్తాను. నెలల తరబడి వాటిని కాపాడేది నేలే.

ఒకప్పుడు ఎక్కడ గీరినా మెత్తటి మన్ను తగిలేది. ఇప్పుడు గని చుట్టూ ఓబీ గుట్టలు, అంటే బొగ్గు పైనుంచి తవ్వి పోసిన మట్టీ రాళ్లూ. కింద పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవి బొగ్గై ఉంది. దాన్ని తీయడానికి పైనున్న అడవిని తీశారు. లోపలి రాయి పైకొచ్చింది. మొన్న అరరోజు గీరినా గోళ్లరిగాయి తప్ప గుంత పడలేదు. మెత్తటి నేల వెతుక్కుంటూ రోడ్డు దాటబోయిన నా తోటి ఆడది అవతలికి చేరనే లేదు. కడుపునిండా గుడ్లున్నాయి.

బొగ్గు తవ్వొద్దని నేననను. మీ ఇళ్లలో దీపం దానిదే. 1972 వన్యప్రాణి చట్టం నన్ను పట్టుకోవద్దంది, చంపవద్దంది. నేనడిగేది ఇంకొంచెమే. తవ్వేముందు పైమట్టిని విడిగా దాచి, మొక్కలు నాటేనాడు మళ్లీ పైనే పరవండి. వానలు వెనకబట్టే రోజుల్లో రోడ్డు మీద ఊగుతూ పోయే ఆకుపచ్చ జీవి కనబడితే బండి ఆపి, ఒక పుల్ల అందించి, నేను పోతున్న వైపే దింపండి. వెనక్కి మాత్రం తేవద్దు. నా షిఫ్టు ఇంకా అయిపోలేదు.