పెట్టె మీద పేరు

చిత్తూరు జిల్లా చాలాకాలం పొరుగూళ్ల రేడియోనే విన్నది. 1938 జూన్‌లో మద్రాసులో ఆకాశవాణి మొదలయ్యాక ఇటువైపు పల్లెల్లో తెలుగు, అరవం కలగలిసి మోగేవి. 1948లో విజయవాడ కేంద్రం, 1963లో కడప కేంద్రం వచ్చాయి. చిన్న ఊళ్లకు ఎఫ్.ఎం. స్టేషన్లు ఎంతో ఆలస్యంగా అందాయి. సీమ యాసకు మైకు ముందు కుర్చీ దొరకడానికి అంతకాలం పట్టింది.

ఇక్కడి పల్లెల్లో పాట అంటే ముందు భారతమే. ద్రౌపదమ్మ గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జున తపస్సు నాడు వేషగాడు తపస్సు మాను ఎక్కుతూ పద్యాలు పాడతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద సాగిలపడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం, విభూతి కోసం కొంగు పడతారు. ఆ ఎత్తున, ఆ గాలిలో, వెనకటి వాళ్లకు మైకు లేదు. ఉన్నదంతా గొంతే. అంత గొప్ప గొంతులు మరెక్కడా నేను వినలేదు.

అట్లాంటి ఒక అర్జునుణ్ణి సీమలోని ఒక రేడియో స్టేషన్ వాళ్లు పిలిపించి అరగంట రికార్డు చేశారు. ప్రసారమైన సాయంత్రం ఆయన వేరే ఊళ్లో వేషం కట్టి ఉన్నాడు. తన గొంతు తాను వినలేదు. కొన్నేళ్లకు పోయాడు. ఆ స్టేషన్ టేపు లైబ్రరీలో పనిచేసిన పెద్దాయన నాకు చెప్పిన సంగతి ఇది.

ఒకరోజు ఆ వేషగాడి కూతురు వచ్చింది.

"మా నాయన గొంతు ఒక్కసారి వినిపించండి సార్. మా పిల్లోళ్లు తాతను చూడనే లేదు."

"కూచోమ్మా, వెతుకుతా."

ఆయన బీరువాలన్నీ గాలించాడు. చివరికి పెట్టె దొరికింది. దాని మీద ఎర్ర సిరాతో ఆమె తండ్రి పేరు, ఊరి పేరు, 'తపస్సు మాను పద్యాలు, 30 నిమిషాలు' అని ఉన్నాయి. ఆమె ఆ పేరును వేలితో తడిమి చూసింది.

ఆ రోజుల్లో అరగంటకు 1200 అడుగుల స్పూలు కావాలి. టేపు ఖరీదు ఎక్కువ, సరఫరా తక్కువ. 'భద్రపరచాలి' అని ఎవరైనా రాస్తేనే దాచేవారు. లేదంటే ప్రసారం కాగానే చెరిపి మళ్లీ వాడేవారు. మనిషి చంద్రుడి మీద తొలిసారి దిగినప్పటి అసలు టేపులనే నాసా ఇలా చెరిపి వాడుకుంది. వీధి నాటకం టేపు మీద 'భద్రపరచాలి' అని రాసేదెవరు?

పెద్దాయన స్పూలు ఎక్కించి మీట నొక్కాడు. పద్యం రాలేదు. ఎవరో చదువుకున్నాయన ప్రసంగం మొదలైంది. పెద్దాయన ఆపబోతే ఆమె వద్దంది. ప్రసంగంలో వాళ్ల నాయన పేరు వినిపించింది. ఈ జిల్లాలో అంతటి అర్జునుడు మళ్లీ పుట్టడని, అట్లాంటి గొంతును వెంటనే రికార్డు చేసి భద్రపరచాలని ఆ వక్త ఎంతో ఆవేదనతో చెబుతున్నాడు.

పెట్టెలో ఉన్న క్యూషీట్ తీసి పెద్దాయన తేదీ చూశాడు. ఆమె నాయన పద్యాలు ప్రసారమైన నాలుగు నెలలకు, అదే టేపు మీద రికార్డు చేసిన ప్రసంగం అది.